జనవరి 24 ఏ ఒక్కరి రోజూ కాదు

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే పడే మెసేజులు రెండే రకాలు. మా పిన్ని ఆర్.సీ.ఎం., అంటే రోమన్ క్యాథలిక్, వాళ్ళింటి కోడలు, ఆవిడ "నేటి పునీతులు" (చర్చి పవిత్రులని ప్రకటించినవాళ్ళు) అని ఒక బొమ్మ పెడుతుంది, తల చుట్టూ వెలుగు, గడ్డం, చేతిలో పుస్తకం, కింద మూడు లైన్ల జీవిత చరిత్ర, చివర్లో మా కొరకు ప్రార్థించండి అని. టీ చల్లారేలోపు మా పెదనాన్న కొడుకు, వీడు పర్లాకిమిడి బాప్టిస్టు, దానికింద ఒక వచనం పడేస్తాడు, విగ్రహాల మీద. పిన్ని ఏమీ అనదు, మర్నాడు ఇంకో బొమ్మ పెడుతుంది. ఇది ఏళ్ళ తరబడి నడుస్తోంది, ఎవరూ గ్రూపు వదిలి పోలేదు కాబట్టి బాగానే నడుస్తోందనుకోవాలి.

మాది ఒడిశాలో గంజాం జిల్లా బరంపురం. అమ్మ వైపు జయపురం లూథరన్లు, నాన్న వైపు బాప్టిస్టులు, ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, ఆఫీసులో హిందీ ఇంగ్లీషు కలిపి కొట్టడం, ఇలాంటి ఇళ్ళు ఇక్కడ చాలా ఉన్నాయి. నా గొడవ ఏంటంటే పిన్నితోనూ కాదు అన్నయ్యతోనూ కాదు, ఇద్దరితోనూ. పిన్ని బొమ్మ చూస్తే ఒక తారీఖు ఒకరి సొంతం అన్నట్టు ఉంటుంది, పుట్టినరోజు లాగ, ఆ రోజు ఆయనదే, కేకు ఆయనే కొయ్యాలి. అన్నయ్యకేమో ఆ క్యాలెండర్ మొత్తం ఒక విగ్రహాల రిజిస్టరు. ఇద్దరూ ఒక్క రోజు పేజీని కూడా పూర్తిగా చదివినవాళ్ళు కారు, అన్ని చర్చిల క్యాలెండర్లూ పక్కపక్కన పెట్టి చదవడం సంగతి సరేసరి. అలా చదివితే కనపడేది వేరు. ఒకే తారీఖు కింద ఒకరి మొహం ఒకరు చూసుకోని మనుషులు, తగాదాలు, చోటు దొరక్క పక్క రోజుకి జరిగినవాళ్ళు, అక్కడినుంచి ఇక్కడికి ట్రాన్స్‌ఫర్ అయినవాళ్ళు, ఇంతమంది ఉంటారు. నాకైతే ఆ గుంపే ముఖ్యం, ఆ ఒక్క బొమ్మ కాదు.

ఉదాహరణకి జనవరి 24 తీసుకుందాం. ముందురోజు నేతాజీ జయంతి, కటక్‌లో పుట్టినాయన కాబట్టి ఒడిశాలో కాస్త గట్టిగానే చేస్తారు, రెండ్రోజులాగితే రిపబ్లిక్ డే, మధ్యలో ఈ 24న స్కూలు పిల్లలు పరేడ్ ప్రాక్టీసులో ఉంటారు, పెద్దలకి పెద్దగా పట్టని తారీఖు. అందుకే తీసుకున్నాను.

పిన్ని ఆ రోజు పెట్టే బొమ్మ ఫ్రాన్సిస్ డి సేల్స్ ది. 1567లో సవోయ్ అనే చోట జమీందారీ ఇంట్లో పుట్టాడు, తండ్రి లాయరు చెయ్యాలనుకున్నాడు, ఈయన చర్చిలో గురువు, అంటే ఫాదర్, అయ్యాడు. 1602లో జెనీవా బిషప్ అయ్యాడు గానీ జెనీవాలో ఉండే వీల్లేదు, అప్పటికే ఆ ఊరు కాల్విన్ వాళ్ళ, అంటే ప్రొటెస్టెంట్ల, చేతిలో ఉంది, బిషప్‌ని రానివ్వరు. అందుకని దగ్గర్లో ఉన్న ఆన్సీలో ఉండి పని నడిపాడు. పేరు ఒక ఊరిది, మకాం ఇంకో ఊళ్ళో. (సరిహద్దు జిల్లాల వాళ్ళకి ఇందులో వింతేమీ కనపడదనుకోండి, మా ఊళ్ళో సగంమంది వ్యవహారం ఇదే.) బిషప్ కాకముందు షబ్లే అనే ప్రాంతానికి పంపారు, అక్కడి జనం అంతా ప్రొటెస్టెంట్లు, ప్రసంగం వినడానికి ఎవరూ రారు. అప్పుడు ఈయన కాగితాల మీద రాసి తలుపుల కింద నుంచి ఇళ్ళలోకి తోసేవాడు. ఆ కాగితాల పుణ్యమా అని 1923లో పోపు ఈయన్ని రచయితలకీ జర్నలిస్టులకీ పాలక పునీతుడిగా ప్రకటించాడు, ఇప్పటికీ పోపులు మీడియా వాళ్ళ కోసం రాసే ఏటేటా సందేశం ఈ జనవరి 24 నాడే బయటికొస్తుంది. బ్లాగులు రాసే మాకు కూడా వర్తిస్తుందో లేదో ఎవరూ చెప్పలేదు, వర్తిస్తుందనే అనుకుంటున్నాను.

ఇంతకీ ఆయన పోయింది జనవరి 24న కాదు. 1622 డిసెంబర్ 28న లియోన్‌లో పోయాడు. పునీతులకి మామూలుగా చనిపోయిన రోజునే స్మరణ పెడతారు, కానీ డిసెంబర్ 28 అప్పటికే బుక్ అయిపోయింది, హేరోదు చంపించిన బెత్లెహేము పసిపిల్లల రోజు అది. చాలాకాలం జనవరి 29న చేశారు. 1969లో రోమ్ వాళ్ళు క్యాలెండర్ మొత్తం సర్దినప్పుడు 24కి మార్చారు, ఎందుకంటే 1623లో ఆ రోజునే ఆయన శరీరాన్ని ఆన్సీలో పెట్టారు. అంటే ఇది పుట్టిన రోజు కాదు, పోయిన రోజు కాదు, మట్టి చేసిన రోజు. నాకు ఇది చదివినప్పుడు భలే అనిపించింది, మనం ఆకాశం నుంచి రాలిపడ్డాయి అనుకునే తారీఖులు ఇలా ఆఫీసులో కుర్చీలు సర్దినట్టు సర్దినవి.

ఆ సర్దుబాటులో అంతవరకూ 24న ఉన్నాయన ఖాళీ చెయ్యాల్సి వచ్చింది, ఆయన తిమోతి, బైబిల్లో పౌలు ఎవరికి రెండు పత్రికలు రాశాడో ఆ తిమోతే. ఆయన్ని 26కి పంపి తీతుతో కలిపేశారు. ఆయన సంగతికి మళ్ళీ వస్తాను.

ముందు ఈ ఫ్రాన్సిస్‌కీ మా గంజాం జిల్లాకీ ఉన్న లెక్క చెప్పాలి, అది మా పిన్నికి కూడా తెలీదు. 1838లో అదే ఆన్సీలో పీటర్ మెర్మియే అనే గురువు ఈయన పేరుమీద ఒక ఫాదర్ల సభ పెట్టాడు, ఎం.ఎస్.ఎఫ్.ఎస్. అంటారు. ఆ సభ ఫాదర్లు 1846లో విశాఖపట్నంలో దిగారు. అప్పట్లో వాళ్ళకిచ్చిన మిషన్ ఎంత పెద్దదంటే గోదావరి దగ్గర మొదలెడితే గంజాం దాటి పైకి పోతుంది, ఇప్పటి రాష్ట్రాల గీతలేవీ లేవు కదా. తెలుగు నేర్చుకుని ఒడియా నేర్చుకుని అడవుల్లో జ్వరాలతో పడి చచ్చిపోయినవాళ్ళు ఉన్నారు వాళ్ళలో, సురడా వైపు వాళ్ళు వేసిన పునాదులే ఇక్కడి క్యాథలిక్ సంఘాలకి మొదలు. తర్వాత 1922 నుంచి స్పెయిన్ నుంచి విన్సెన్షియన్ ఫాదర్లు వచ్చారు, 1936లో ఒడిశా రాష్ట్రం వేరైంది, 1937లో కటక్ మేత్రాసనం (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) వచ్చింది, దాన్నుంచి బరంపురం మేత్రాసనాన్ని విడదీసింది ఎప్పుడు? 1974 జనవరి 24న. కావాలని ఆ రోజు చూసి పెట్టారో కాకతాళీయమో నేను చెప్పను. కానీ ఆన్సీ ఫాదర్లు మొదలెట్టిన చోట, ఆన్సీ బిషప్ స్మరణ రోజున, మా ఊరి పేరుతో ఒక మేత్రాసనం పుట్టింది, ఆ ముక్క ఆ బొమ్మ కింద మూడు లైన్లలో ఎక్కడా ఉండదు. ఆ కార్డు కేరళలోనో ఎక్కడో తయారై అందరికీ ఒకటే పోతుంది కాబట్టి.

సరే, ఇప్పుడు నాకు బాగా ఇష్టమైనాయన, బాబిలాస్. మూడో శతాబ్దంలో అంతియొకయ బిషప్. అపొస్తలుల కార్యాల్లో శిష్యులకి మొదటిసారి క్రైస్తవులని పేరొచ్చిన ఊరు అదే. డెసియస్ చక్రవర్తి హింసల్లో, అంటే సుమారు 250లో, జైల్లో పోయాడు. నన్ను సంకెళ్ళతోనే పాతిపెట్టండి అన్నాడట, అలాగే పెట్టారు. కథ ఇక్కడితో అయిపోతే విశ్వాసం కోసం చనిపోయిన మామూలు వేదసాక్షి కథే, కానీ ఈయన అసలు పని పోయాక మొదలైంది. వందేళ్ళ తర్వాత ఊరికి దగ్గర్లో దఫ్నే అనే తోటలో, అక్కడ అపోలో గుడి ఉండేది, ప్రశ్న అడిగితే దేవుడు జవాబు చెప్తాడని పేరు, సరిగ్గా ఆ గుడి పక్కనే ఈయన అస్థికలు తెచ్చి పెట్టారు. తర్వాత జూలియన్ చక్రవర్తి వచ్చాడు, క్రైస్తవుడిగా పెరిగి పాత దేవుళ్ళ దగ్గరికి తిరిగెళ్ళిపోయినాయన. 362లో ఆ గుడికొచ్చి అపోలోని అడిగితే జవాబు రాలేదు. ఎందుకు రాలేదయ్యా అంటే దగ్గర్లో శవాలున్నాయి అన్నారు పూజారులు. తియ్యండి అన్నాడు. క్రైస్తవులు ఆ పెట్టె మోసుకుంటూ దారి పొడుగునా కీర్తనలు పాడుకుంటూ ఊళ్ళోకి తెచ్చారు, ఆడా మగా పిల్లా పీచూ అందరూ, ఏ కీర్తనలు ఎంచుకున్నారంటే చెక్కిన బొమ్మల్ని పూజించేవాళ్ళు సిగ్గుపడతారు అనే కీర్తనలు. అదే ఏడాది అక్టోబర్‌లో గుడి తగలబడింది. ఎవరు కాల్చారో తేలలేదు, జూలియన్ మాత్రం క్రైస్తవుల పెద్ద చర్చికి తాళం వేయించాడు.

ఇక్కడ మా అన్నయ్యకి ఒక మాట. విగ్రహాల మీద నువ్వు రోజూ పెట్టే వచనాలు ఉన్నాయి చూడు, దాదాపు అవే మాటలు అప్పుడు పాడుతూ నడిచినవాళ్ళు ఒక పునీతుడి ఎముకలు మోస్తూ నడిచారు. వాళ్ళకి అందులో తేడా కనపడలేదు. నీకు కనపడుతోంది, మంచిదే, కానీ ఆ ఊరేగింపు మీ ఇద్దరి పూర్వీకులదీనూ. అలాగే పిన్నికి కూడా ఒక మాట, ఈ కథలో గుడి కాలిన సంగతి చెప్పుకుని చప్పట్లు కొట్టడం మన ఒడిశాలో ఉన్నవాళ్ళకి అంత తేలిక కాదు, మందిరాలు కాలితే ఎలా ఉంటుందో మనకి తెలుసు, ఎవరిదైనా సరే.

బాబిలాస్ పడమటి క్యాలెండర్లో జనవరి 24న ఉంటాడు, తూర్పు చర్చిల్లో, అంటే గ్రీకు, రష్యన్ ఆర్థడాక్స్ వాళ్ళ దగ్గర, సెప్టెంబర్ 4న. తూర్పు వాళ్ళ జనవరి 24లో ఉండేది ఆడవాళ్ళు, ఇద్దరు, ఇద్దరి పేరూ క్సేనియానే. ఒకావిడ అయిదో శతాబ్దం, రోమ్ నుంచి పెళ్ళి తప్పించుకుని పారిపోయి సన్యాసినులకి మఠం పెట్టుకుంది. రెండో ఆవిడ పద్దెనిమిదో శతాబ్దపు సెయింట్ పీటర్స్‌బర్గ్ ఆవిడ. భర్త ఆంద్రేయ్ రాజాస్థానంలో గాయకుడు, ఆఫీసరు హోదా, ఒక విందులో ఉన్నట్టుండి పోయాడు, అప్పటికి ఈవిడకి 26 ఏళ్ళు. పాపాలు ఒప్పుకునే టైము కూడా లేకుండా పోయాడని ఈవిడకి పట్టుకుంది. అంత్యక్రియల రోజు భర్త యూనిఫాం తొడుక్కుని బయటికొచ్చి, పోయింది క్సేనియా, నేను ఆంద్రేయ్‌ని, ఇకనుంచి ఆ పేరుతోనే పిలవండి అంది. ఇల్లు తెలిసినావిడకి ఇచ్చేసింది, ఉన్నదంతా పంచేసింది, సుమారు 45 ఏళ్ళు ఆ మంచు ఊళ్ళో వీధులమ్మట తిరిగింది. యూనిఫాం చిరిగి పీలికలైపోయాక ఎరుపూ ఆకుపచ్చా గుడ్డలు కట్టుకునేదట. స్మశానం దగ్గర చర్చి కడుతుంటే రాత్రిపూట ఎవరూ చూడకుండా ఇటుకలు పైకి మోసి పెట్టేదని చెప్పుకుంటారు.

బంధువులు ఈవిడకి పిచ్చని ఆఫీసర్ల దగ్గరికి తీసుకెళ్తే, మాట్లాడి చూసి, లేదు బుర్ర బాగానే ఉంది, ఆస్తి ఇష్టమొచ్చినట్టు ఇచ్చుకోవచ్చు అని తేల్చారట. మన ఇళ్ళల్లో అయితే అంతవరకూ కూడా రానివ్వరు. జనం మాత్రం ఆవిడ సమాధి మట్టి తీసుకెళ్ళేవాళ్ళు, సోవియట్ రోజుల్లో అక్కడి చాపెల్ మూసేసినా గోడ దగ్గర చీటీలు పెట్టి పోయేవాళ్ళు. దేశం బయటి రష్యన్ చర్చి 1978లో, మాస్కో చర్చి 1988లో ఆవిడని పునీతురాలని ప్రకటించాయి, జనం అనుకున్న దాదాపు రెండు వందల ఏళ్ళకి.

ఇందులో ఒక చిక్కు ఉంది. రష్యన్లకి జనవరి 24 వచ్చేది మన గోడ క్యాలెండర్లో ఫిబ్రవరి 6న. వాళ్ళు పాత జూలియన్ లెక్క (ఇది జూలియస్ సీజర్ పేరుది, పైన గుడికొచ్చిన జూలియన్‌ది కాదు) వదల్లేదు, 13 రోజుల తేడా. గ్రీకులు 1920ల్లో లెక్క మార్చుకున్నారు కాబట్టి వాళ్ళకి మన 24నే. ఒకే పేరు, ఒకే తారీఖు, ఒకే విశ్వాసం, అయినా రెండు వారాల తేడాతో రెండుసార్లు. బయటివాళ్ళకి ఇది గందరగోళంగా ఉంటుందేమో గానీ బరంపురంలో పెరిగినవాడికి ఉండదు. మా వీధిలో ఒడియా వాళ్ళకి కుమార పున్నమి, అంటే ఆశ్వయుజ పున్నమి, మర్నాడే కార్తీకం మొదలు, మా పక్కింటి తెలుగు వాళ్ళకి దీపావళి అమావాస్య వెళ్ళాక గానీ కాదు. ఒక ఒడియా పిన్నిగారు హబిసా అనే కార్తీక నియమం పట్టి ఒంటిపూట తింటూ ఉంటే ఎదురింట్లో మాంసం వండుతుంటారు, వాళ్ళకింకా ఆశ్వయుజమే. తర్వాత ఒడియా వాళ్ళ నెల అయిపోయాక కూడా తెలుగు వాళ్ళ దీపాలు ఇంకో పదిహేను రోజులు నడుస్తాయి. కార్తీక పున్నమి మాత్రం ఇద్దరికీ ఒకటే రోజు, తెల్లారకుండానే ఒకళ్ళు పడవలు ఒదులుతారు, ఇంకొకళ్ళు దీపాలు ఒదులుతారు, చెరువు అదే. ఎవడి కార్తీకం అసలుది అని కొట్టుకున్నవాణ్ణి నేను చూళ్ళేదు. మరి పునీతుల దగ్గరికొచ్చేసరికి ఎందుకు కొట్టుకుంటామో అర్థం కాదు.

2023 ఫిబ్రవరి 6న తుర్కియేలో భూకంపం వచ్చి అంతాక్యా ఊరు నేలమట్టమైంది గుర్తుందా, అక్కడి ఆర్థడాక్స్ చర్చి కూడా కూలిపోయింది. ఆ అంతాక్యానే బాబిలాస్ గారి అంతియొకయ. రష్యన్ లెక్కలో ఆ రోజు జనవరి 24. దీనికి అర్థం ఏమీ లేదు, అర్థం తియ్యొద్దు కూడా, భూమి క్యాలెండర్ చూసి కదలదు. కానీ ఒక పేజీ చదవడం మొదలెడితే ఇలాంటివి తగుల్తాయి.

ఇంకొకావిడ ఉన్నారు, ఈవిడ గురించి మన తెలుగు సంఘాల్లో ఎవరూ మాట్లాడరు. ఫ్లోరెన్స్ లీ టిమ్-ఓయ్, 1907లో హాంగ్‌కాంగ్‌లో పుట్టారు. ఆంగ్లికన్ చర్చిలో, అంటే ఇంగ్లండ్ చర్చి కుటుంబంలో, డీకనెస్ (ప్రీస్టు కింద మెట్టు పరిచారకురాలు) అయ్యి యుద్ధం రోజుల్లో మకావ్‌లో సంఘం చూసుకునేవారు. హాంగ్‌కాంగ్ జపాన్ వాళ్ళ చేతిలో పడింది, ప్రీస్టులు మకావ్ వచ్చే దారి లేదు, శరణార్థులు కుప్పలుగా ఉన్నారు, ప్రభురాత్రి భోజనం ఇచ్చేవాళ్ళు లేరు. బిషప్ రొనాల్డ్ హాల్ ఈవిణ్ణి చైనాలో జపాన్ చేతికి చిక్కని చోటికి రమ్మన్నారు, శత్రువుల మధ్యలోంచి వెళ్ళారు, 1944 జనవరి 25న ప్రీస్టుగా అభిషేకం చేశారు. ఆంగ్లికన్ లోకంలో మొదటి స్త్రీ ప్రీస్టు. యుద్ధం అయిపోయాక పెద్దలకి రూల్స్ గుర్తొచ్చాయి. అవసరం ఉన్నప్పుడు పనికొచ్చిన ఆడమనిషి, అవసరం తీరాక సమస్య అయింది, ఇది ఏ దేశమైనా ఏ మందిరమైనా మారదు. బిషప్ మీద ఒత్తిడి పడకూడదని 1946లో ఆవిడే లైసెన్సు వదిలేశారు, అభిషేకాన్ని మాత్రం వదల్లేదు. తర్వాత కమ్యూనిస్టు చైనాలో చర్చిలు మూసేసిన ఏళ్ళన్నీ అక్కడే గడిపి, ముసలితనంలో కెనడా వెళ్ళి మళ్ళీ బలిపీఠం దగ్గర నిలబడ్డారు. 1992లో టొరంటోలో పోయారు.

అమెరికా ఎపిస్కోపల్ చర్చి క్యాలెండర్లో ఆవిడ రోజు జనవరి 24. అభిషేకం జరిగింది 25న అయితే 24 ఎందుకంటే, 25 పౌలు గారిది, దమస్కు దారిలో ఆయన మనసు మారిన పండగ, ఆయన్ని కదపలేరు. సంఘంలో స్త్రీలు మౌనంగా ఉండాలి అన్న వాక్యం ఎవరి పత్రికలో ఉందో ఆయన కోసమే ఈవిడ ఒక రోజు ముందుకి జరగాల్సి వచ్చింది. మా అమ్మకి చెప్తే, అక్కడ కూడా సర్దుకుపోయింది ఆవిడేనా అంది.

ఇలా చోటు లేక జరిగినవాళ్ళు ఇంకా ఉన్నారు. పోలండ్‌లో ప్రతులిన్ అనే పల్లె, 1874 జనవరి 24న తమ చర్చిని ప్రభుత్వం ఆర్థడాక్స్‌లో కలిపేస్తుంటే అడ్డం నిలబడ్డ పల్లెటూరి గ్రీకు క్యాథలిక్కుల (తూర్పు పద్ధతిలో ఆరాధిస్తూ పోపు కింద ఉండేవాళ్ళు) మీద రష్యన్ సిపాయిలు కాల్పులు జరిపారు, 13 మంది పోయారు. అక్కడ వాళ్ళని 23న తలుచుకుంటారు, 24 ఫ్రాన్సిస్ గారిది కాబట్టి. చూడండి ఇప్పుడు, ఒకే తారీఖున రష్యన్ల ప్రియమైన క్సేనియా ఉంది, రష్యన్ సిపాయిలు చంపిన క్యాథలిక్కులున్నారు, ప్రొటెస్టెంట్లని వెనక్కి లాగడానికి ఊరూరా తిరిగిన ఫ్రాన్సిస్ ఉన్నాడు, ఆ ఫ్రాన్సిస్‌ని తమ క్యాలెండర్లో అదే రోజున రాసుకున్న ఇంగ్లండ్ చర్చి ఉంది. వీటన్నిటి మీదా ఆ వారం క్రైస్తవ ఐక్యతా ప్రార్థనా వారం, జనవరి 18 నుంచి 25 దాకా, 1908లో అమెరికాలో మొదలైంది. మన దగ్గర ఆ వారంలో అన్ని సంఘాల పాస్టర్లూ ఒక వేదిక మీద కూర్చుని శాలువాలు కప్పుకుంటారు, ఎవరు ముందు ప్రార్థన చెయ్యాలన్న దాని మీద చిన్న గొడవ జరుగుతుంది, ఇంటికొచ్చేస్తాం. ఆ వేదిక మీద ఒక్కసారి ఈ జాబితా పైకి చదివితే చాలు అంటాను నేను, ప్రసంగం అక్కర్లేదు.

ఇక తిమోతి. ఆయన తారీఖు ఎక్కడా కుదురుగా లేదు. తూర్పు చర్చిల్లో జనవరి 22, రోమ్ పాత క్యాలెండర్లో 24, కొత్తదాంట్లో 26. అమెరికాలో మిస్సోరీ లూథరన్లు మాత్రం ఇప్పటికీ 24నే ఉంచారు. ఈ మూడు తారీఖుల మధ్యలో మా ఒడిశాకి ఒక రాత్రి ఉంది. 1999 జనవరి 22 అర్ధరాత్రి దాటాక, కేంఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో, బండిలో నిద్రపోతున్న గ్రాహం స్టెయిన్స్‌ని, ఇద్దరు కొడుకుల్ని సజీవంగా కాల్చేశారు. బారిపదాలో కుష్ఠు రోగుల మధ్య ముప్పై ఏళ్ళపైన ఉన్న ఆస్ట్రేలియా మనిషి. పెద్దవాడు ఫిలిప్‌కి 10 ఏళ్ళు, చిన్నవాడికి 6. చిన్నవాడి పేరు తిమోతి. భార్య గ్లాడిస్ చంపినవాళ్ళని క్షమించానని చెప్పి 2004 దాకా ఆ రోగుల దగ్గరే ఉండిపోయారు, 2005లో పద్మశ్రీ ఇచ్చారు.

మా అన్నయ్య వాళ్ళ సంఘంలో ఏటా ఆ రోజుల్లో స్టెయిన్స్ గారి పేరు ఎత్తి ప్రార్థన చేస్తారు, ఫొటో పెడతారు, దండ కూడా వేస్తారు. అన్నయ్యా, దాన్నేమంటారు? పేరు, ఫొటో, తారీఖు, ఏటేటా తలుచుకోవడం. మనం పునీతుల్ని నమ్మం అంటూనే. అంతెందుకు, మన తెలుగు ప్రొటెస్టెంట్ ఇళ్ళల్లో జ్ఞాపకార్థ కూటం పెట్టని ఇల్లు చూపించు. నాన్న పోయి ఏడాదైతే షామియానా వేసి, కార్డు కొట్టించి, "ప్రభువునందు నిద్రించిన" అని రాసి, పాస్టర్ గారిని పిలిచి, అందరికీ భోజనం పెడతాం, కార్డు మీద ఫొటో చుట్టూ వెలుగు కూడా వేస్తున్నాడు ఈమధ్య ఫ్లెక్సీలవాడు. బైబిల్లో లేదు అని పిన్నికి చెప్పేవాళ్ళు ఆ కార్డు పట్టుకుని ఒక్కసారి ఆలోచించాలి.

బైబిల్లో లేదనే మాట కూడా అంత నున్నగా లేదు. రోమా పత్రిక 14లో పౌలు ఒకడు ఒక రోజుని గొప్పగా చూస్తాడు, ఇంకొకడికి అన్ని రోజులూ ఒకటే, ఎవడి మనసులో వాడు గట్టిగా నిశ్చయించుకోండి అని వదిలేశాడు. మా అమ్మ వాళ్ళ లూథరన్ల దగ్గరైతే ఇంకా స్పష్టంగా ఉంది, 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలులో 21వ అంశం, పరిశుద్ధుల్ని జ్ఞాపకం చేసుకోవచ్చు, వాళ్ళ విశ్వాసాన్నీ మంచి పనుల్నీ చూసి నేర్చుకోవచ్చు, సాయం మాత్రం వాళ్ళని అడగొద్దు, క్రీస్తు ఒక్కడే మధ్యవర్తి అని. 1882లో బ్రెక్లుం నుంచి జర్మన్ మిషనరీలు జయపురం సీమకి వచ్చినప్పుడు పెట్టెల్లో తెచ్చుకున్న ఒప్పుకోలు అదే. అడగొద్దన్న సగాన్ని మనం బాగా గుర్తుపెట్టుకున్నాం, తలుచుకోమన్న సగం మర్చిపోయాం. నేను అడగమని చెప్పట్లేదు, నేనూ అడగను, ఆ విషయంలో పిన్నితో నా తేడా అలాగే ఉంది. నేననేది తలుచుకోవడం గురించే, అది కూడా ఒక్కర్ని కాదు, పేజీ మొత్తాన్ని.

ఎందుకంటే ఈ పేజీ మూసేసిన పేజీ కాదు. 2008లో ఒడిశా కంధమాల్‌లో క్రైస్తవుల మీద జరిగిన దాడుల్లో చంపేసినవాళ్ళలో కంటేశ్వర్ దిగాల్, ఆయనతోపాటు 34 మంది, వాళ్ళని పునీతులుగా ప్రకటించాలా అనే విచారణ మొదలెట్టడానికి 2023లో రోమ్ ఒప్పుకుంది. ఇంకా పునీతులు కారు, దైవసేవకులు అంటారు ఈ మెట్టు మీద, ఎన్నేళ్ళు పడుతుందో, క్సేనియాకి పట్టినన్ని పట్టొచ్చు. కానీ ఒకరోజు ఏదో తారీఖు కింద దిగాల్ అనే ఇంటిపేరు పడితే, ఆ ఇంటిపేరు ఆన్సీలో ఉన్న ఒక ముసలామె తన ఫోన్లో పొద్దున్నే చదువుతుంది, మా పిన్ని వాళ్ళ ఊరాయన్ని చదివినట్టే.

మన తెలుగు వాళ్ళ సంగతి చెప్పనా. ఇంగ్లండ్ బాప్టిస్టులు 1822లో కటక్ వచ్చారు, ఏళ్ళ తరబడి ప్రసంగించినా ఒక్కడు రాలేదు. చివరికి 1827లో విలియం బాంప్టన్ బాప్తిస్మం ఇచ్చిన మొదటి మనిషి బరంపురంలో, ఒడియా అతను కాదు, తెలుగతను. వాళ్ళు రాసుకున్న పేరు ఎరూన్. ఒడియా సంఘ చరిత్రలన్నీ ఆ మర్నాటేడు వచ్చిన గంగాధర్‌తో ఊపందుకుంటాయి, ఎరూన్ ఒక లైనులో వచ్చి పోతాడు. తెలుగు సంఘ చరిత్రలకేమో బరంపురం సరిహద్దు అవతల. అటువాళ్ళకి తెలుగోడు, ఇటువాళ్ళకి ఒడిశావోడు. ఏ క్యాలెండర్లోనూ నేను ఆయన పేరు చూళ్ళేదు, ఏ మందిరంలోనూ ఆయన పేరుమీద ఒక పాట పాడగా వినలేదు. పిన్నికి ఫ్రాన్సిస్ ఉన్నాడు, అన్నయ్యకి స్టెయిన్స్ గారున్నారు, ఎరూన్ గారికి ఎవరున్నారు?

అందుకని మా సంఘంలో ఒక పని మొదలెడదాం అని అడిగాను. సమాధుల రిజిస్టరు తీసి, తారీఖులవారీగా మన వాళ్ళ పేర్లు రాసి, పక్కన ఆ రోజున లోకంలో మిగతా సంఘాలు తలుచుకునే పేర్లు కూడా రాసి, ఒక గోడ క్యాలెండర్ వేద్దామని. పునీతులని రాయొద్దు అని ఒకరన్నారు, రాయం. క్యాథలిక్కుల పేర్లు మన గోడ మీదెందుకు అని ఇంకొకరన్నారు, దానికి బాబిలాస్ కథ చెప్పాను, ఒప్పుకోలేదు గానీ కథ బాగుందన్నారు. ఖర్చెవరు పెడతారని మూడో ఆయన అడిగారు, అదొక్కటే అసలైన ప్రశ్న, ఇంకా తేలలేదు. పాస్టర్ గారు రిజిస్టరు చూడనిచ్చారు. ముందు పేజీలు ఇంగ్లీషు, మధ్యలో తెలుగు, ఆ తర్వాత చాలా దూరం పాత ఒడియా చేతిరాత, గొలుసుకట్టుగా, సిరా పాకిపోయి, నాకు ముక్క అర్థం కావట్లేదు. ఇచ్ఛాపురం నుంచి చత్రపురం దాకా ఎవరింట్లోనైనా ఆ రాత చదవగల తాతగారో మామ్మగారో ఉంటే చెప్పండి, ఆదివారం మధ్యాహ్నాలు నేను ఖాళీ, రిజిస్టరు మందిరం దాటనివ్వరు కాబట్టి వాళ్ళని ఆటోలో నేనే మందిరానికి తీసుకొచ్చి మళ్ళీ ఇంటి దగ్గర దింపుతాను.